సోమవారం పదకొండింటికి పోయే నెట్

ఐదేళ్ళుగా నా మనసులో ఒక బరువుంది. మరీ కుంగదీసే బరువేం కాదులెండి. దాన్ని మోస్తూనే బిర్యానీలు తిన్నాను, పెళ్ళి చేసుకున్నాను, రెండు ఉద్యోగాలు మారాను. కానీ ఎక్కడైనా ఎవరైనా నెట్ పోయిందని అంటే చాలు, గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటాను. "నెట్ పోతే మీరెందుకు అలా ముఖం పెడతారు?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది కూడా. ఆమెకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీకు నా ముఖం కనబడదు కదా, అదీ నా ధైర్యం.

అందరం ఇంటి నుంచే ఆఫీసు పని చేసిన రోజులవి. కొత్తగూడ చౌరస్తాకి కాస్త లోపలగా ఒక అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తులో అద్దెకుండేవాణ్ణి. సరిగ్గా నా కింది ఫ్లాట్‌లో మా టీమ్ లీడ్ శిరీష గారు. పై ఫ్లాట్ ఖాళీ అయిందని చెప్పి నన్ను అక్కడ చేర్పించింది ఆవిడే. మంచి మనిషి. ఆ రోజుల్లో మీటింగ్ తప్పించుకోవాలంటే మా ఐటీ వాళ్ళందరికీ ఒకటే మంత్రం, "నెట్ పోయిందండీ". ఎవరూ వచ్చి చూడరు, ఎవరూ కాదనరు. ఊరంతా వాడుకున్న ఆ మంత్రం నాకు మాత్రం పనికిరాదు. మా బ్లాకులో పన్నెండు ఫ్లాట్లకీ ఒకే కంపెనీ నెట్, ఒకే వైరు. నాది పోయిందంటే శిరీష గారిదీ పోవాలి.

నాకేమో తప్పించుకోక తప్పని పరిస్థితి. ప్రతి సోమవారం పదకొండింటికి, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో పైవాళ్ళ ముందు చూపించాలి. నాకిచ్చిన పని నాకు అర్థం కాలేదు. మొదటి రోజే అడిగి ఉంటే ఏ గొడవా లేదు. అడగలేదు. రెండో వారానికి అడగడం సిగ్గయింది. మూడో వారానికి భయమయింది. ఇన్నాళ్ళూ ఏం చేశావంటే ఏం చెప్పను? వంటల వీడియోలు చూశానని చెప్పనా?

అలాంటి ఒక సోమవారం నిజంగానే నెట్ పోయింది. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. శిరీష గారే ఫోన్ చేసి, మన బ్లాకంతా పోయింది, పైవాళ్ళకి నేను చెప్పేశాను, నీ వంతు వచ్చే వారం అన్నారు. పదో తరగతి పాసైనప్పుడు కూడా నాకంత ఆనందం కలగలేదు.

మధ్యాహ్నానికి కంపెనీ లైన్‌మన్ యాదగిరి వచ్చాడు. నలభై దాటిన మనిషి. భుజాన నిచ్చెన, నడుముకి పనిముట్ల సంచీ. ముందు నా రూటర్ ఎక్కడుందని అడిగాడు. అది చేపల తొట్టి వెనకాల, నాలుగు పుస్తకాల కింద ఉంది. దాన్ని పైకి తీసి, గాలి తగిలేలా బల్ల మీద పెట్టి, చిన్నపిల్లాడికి ఎక్కాలు నేర్పినట్టు నేర్పాడు. ఎర్ర లైటు వెలిగితే తప్పు బయట ఉన్నట్టు. పచ్చ లైటే ఉండి నెట్ రాకపోతే తప్పు ఇంట్లో ఉన్నట్టు. వైరు ఒకసారి ఊడదీసి మళ్ళీ బిగించాలి. అదీ కాకపోతే కరెంటు కట్టేసి, ముప్పై అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యాలి. సగం రోగాలు ఆ ముప్పై అంకెలకే కుదురుతాయట. పదహారేళ్ళ చదువులో నాకెవరూ ఇంత వివరంగా ఏదీ చెప్పలేదు.

తర్వాత లిఫ్టు పక్కనున్న ఇనప డబ్బా తెరిచి చూపించాడు. బ్లాకు మొత్తానికి నెట్ పంచేది అదే. దానికీ ఒక కరెంటు స్విచ్ ఉంది. నాకో తాళంచెవి ఇచ్చి, "మీరు కంప్యూటరోళ్ళు గద సార్, మీ తాన ఉంటే నాకు బేఫికర్. నెట్ పోతే మీరే బంద్ జేసి, ముప్పై లెక్కబెట్టి ఎయ్యుర్రి" అన్నాడు.

దొంగ చేతికి తాళంచెవి ఎలా వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? వాడు దొంగ కాకముందే వస్తుంది.

తర్వాతి సోమవారం పదకొండుకి అయిదు నిమిషాలుందనగా చెప్పుల్లేకుండా వెళ్ళి డబ్బా తెరిచాను. స్విచ్ కట్టేశాను. ముప్పై దగ్గర ఆగలేదు. దాదాపు నాలుగు వేల దాకా లెక్కపెట్టి ఉంటాను. పన్నెండింటికి మళ్ళీ వేశాను. ఆ గంటసేపూ ఆన్‌లైన్ క్లాసులు ఆగిపోయిన పిల్లలు వరండాలో గంతులేశారు. నాలుగేళ్ళ పిల్ల ఒకతి నా తలుపు కొట్టి, నెట్ ఇంకా రాలేదు కదా అంకుల్ అని ఆశగా అడిగింది. నేనేదో లోకసేవ చేస్తున్నట్టే అనిపించింది. మనసు ఎంత చమత్కారమైందో చూడండి, తప్పు చేసిన పది నిమిషాల్లో దానికో పుణ్యం వెతికిపెడుతుంది.

అలా మూడుసార్లు చేశాను.

కాదు. అబద్ధం రాస్తే ఇంక రాయడం దేనికి? ఏడుసార్లు.

శిరీష గారు నాకంటే ముందే మీటింగ్‌కి కబురు పంపేవారు, మా బ్లాకులో మళ్ళీ నెట్ లేదని. సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం ఆవిడ డాబా ఎక్కి, ఎండలో గొడుగు పట్టుకుని మాట్లాడిన రోజులున్నాయి. నన్ను కూడా పైకి రమ్మంటారేమోనని బాత్‌రూమ్‌లో దాక్కునేవాణ్ణి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా ఇంటి దొంగతనానికి మా లీడే సాక్షి.

కానీ యాదగిరి ఊరుకునే రకం కాదు. పోయిన నెట్ దానంతటదే వచ్చేస్తే ఇంకొకడైతే దండం పెట్టి వెళ్ళిపోతాడు. యాదగిరికి కారణం కావాలి. అడాప్టర్ మార్చాడు. ఎలుకలు కొరుకుతున్నాయేమోనని డబ్బాలో కలరా ఉండలు పెట్టాడు. పావురాలని అనుమానించాడు. సోమవారం నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని అడిగి రాసుకున్నాడు. లిఫ్టు వల్ల వోల్టేజీ పడిపోతోందేమో అన్న మాట ఎవరన్నారనుకున్నారు? నేనే. అదీ ఎంతో ఆలోచించినట్టు గడ్డం గోక్కుంటూ. పాపం, ఆ మాట పట్టుకుని రెండు రోజులు లిఫ్టు చుట్టూ తిరిగాడు. నేను టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఎనిమిదో సోమవారం పదింటికే వచ్చి ఆ డబ్బా ముందు స్టూలు వేసుకు కూర్చున్నాడు. ఆ రోజు నెట్ ఎందుకు పోతుంది? నా వంతు వచ్చింది. ఏదో నసిగాను, చివాట్లు తిన్నాను. మీటింగ్ అయ్యాక టీ తీసుకుని బయటికి వెళ్ళాను. గ్లాసు అందుకుని యాదగిరి డబ్బా తలుపు ఇంకోసారి తీసి, మళ్ళీ వేశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు. జర నిజం చెప్పుర్రి. నా పనిల ఏమన్న తప్పున్నదా?"

ఆయన గ్లాసు స్టూలు పక్కన పెట్టాడు.

"నేనుంటే పోతలేదు, నేను పోతే పోతుంది. ఇరవై ఏండ్లల్ల గిట్ల ఎన్నడు కాలే సార్. నాకే నా చెయ్యి మీద అనుమానం అయితుంది."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. వరండాలో ఇంకెవరూ లేరు. తాళంచెవి నా జేబులోనే ఉంది. కానీ నేనేమన్నానో తెలుసా?

"ఎక్కడో జాయింట్ వదులుగా ఉండి ఉంటుందండీ, యాదగిరి గారూ."

ఆయన తల ఊపాడు. "గట్లనే అయ్యుంటది సార్. మళ్ళ జేస్త" అన్నాడు.

స్విచ్ కట్టేయడం చిలిపితనం అనుకోవచ్చు, పిరికితనం అనుకోవచ్చు. దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించేసుకున్నాను. ఆ ఒక్క వాక్యాన్నే క్షమించుకోలేకపోతున్నాను. వైర్లు కలిపేది ఆయన చేతులు. జాయింట్ వదులుగా ఉందంటే ఆయన చెయ్యి వదులుగా ఉందని. ఆ వారమంతా ఆయన పన్నెండు ఫ్లాట్ల జాయింట్లూ తెంపి మళ్ళీ వేశాడు, వీధి స్తంభం దగ్గర్నుంచి మా గుమ్మాల దాకా. నేను కిటికీలోంచి చూశాను. చూసి కర్టెన్ వేసుకున్నాను.

ఆ వారంలోనే శిరీష గారు నెట్ కంపెనీకి గట్టిగా ఫిర్యాదు రాశారు. ఆవిడ తప్పేముంది, ఎండలో గొడుగు పట్టిన మనిషి. నాకు తెలియనిది ఏమిటంటే, కొత్తగూడ ఏరియాకి ఇంచార్జిగా యాదగిరిని వేద్దామని కంపెనీవాళ్ళు అప్పటికే అనుకుంటున్నారట. ఒక్క బ్లాకు బాగుచెయ్యలేనివాడు ఏరియా ఏం చూస్తాడని, ఆయన కింద పని నేర్చుకున్న మనిషిని వేశారు. ఈ సంగతి యాదగిరే నాతో నవ్వుతూ చెప్పాడు. నిచ్చెనెక్కే బాధ తప్పుతుందని ఇంటిది సంబరపడ్డది సార్, పోనీలే అన్నాడు.

నేను మళ్ళీ ఆ డబ్బా ముట్టుకోలేదు. ఇక్కడే ఇంకో దారుణం జరిగింది. నెట్ పోవడం ఆగిపోయింది కదా, కొత్త ఇంచార్జి వచ్చాకే బాగైందని బ్లాకంతా ఆయన్ని మెచ్చుకుంది. వినాయకచవితికి పిలిచి శాలువా కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక నాకర్థం కాని ఆ పని సంగతి. సిగ్గు చంపుకుని ఒకరోజు కిందికి వెళ్ళి శిరీష గారిని అడిగాను. "ముందే అడగొచ్చు కదా బాబూ" అని ఉప్మా పెట్టి, ఇరవై నిమిషాల్లో చెప్పేశారు. ఇరవై నిమిషాలు. దాన్ని తప్పించుకోవడానికి నేను ఒక మనిషి ఇరవై ఏళ్ళ పేరు పాడుచేశాను.

ఇప్పుడు మేం రాయదుర్గం మెట్రో దగ్గర ఉంటున్నాం. పోయిన వారం మా నెట్ పోయింది, ఈసారి నిజంగానే. ఎర్ర లైటు. అన్నీ చేసి చూసి కంపెనీకి ఫోన్ చేస్తే, గుమ్మంలో నిచ్చెనతో యాదగిరి. వేరే కంపెనీ, అదే సంచీ, జుట్టు మాత్రం నెరిసింది. నన్ను చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. పది నిమిషాల్లో తప్పు పట్టుకున్నాడు. పనయ్యాక కూడా ప్రతి జాయింట్ మళ్ళీ విప్పి, మళ్ళీ వేస్తున్నాడు. ఎందుకండీ, వచ్చేసింది కదా అన్నాను.

ఆ కొత్తగూడ బ్లాకు సంది ఇదే అలవాటు సార్ అన్నాడు. ఎక్కడికి పోయినా రెండుసార్లు వేస్తాడట. రోజూ ఇంటికి గంట ఆలస్యం అవుతుందట, తోటివాళ్ళు ఎగతాళి చేస్తారట. ఒకసారి నా చెయ్యి జారింది, మళ్ళ జారొద్దు అని వాళ్ళతో చెబుతాడట.

టీ ఇచ్చాను. నోరు తెరిచాను, బిస్కెట్లు తీసుకోండి అన్నాను.

ఆ రోజు నుంచి తిండి సయించడం లేదు. ఐదేళ్ళుగా రోజుకో గంట. లెక్క వెయ్యబోయి ఆపేశాను. పొద్దున ఫోన్ చేసి, నెట్ బాగానే ఉంది, మీతో ఒక మాట చెప్పాలి, రాగలరా అని అడిగాను. మాటకేంది సార్, అయిదింటికి అటే వస్తున్న అన్నాడు. ఇప్పుడు నాలుగున్నర. మా ఆవిడ పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతోంది, వచ్చేవాడెవరో ఆమెకి తెలియదు. కాసేపట్లో ఆమె కూడా వింటుంది.

ఆయన తిడతాడా, నవ్వేస్తాడా, టీ తాగకుండా లేచి వెళ్ళిపోతాడా? ఏది చేసినా ఆయన హక్కే. ఆ ఇంచార్జి పదవి నేను తిరిగి ఇవ్వలేను. ఆయన ఎదురుగా ఉంటే నాకు మాట తడబడుతుందని తెలుసు, అందుకే మీకు చెప్పి అలవాటు చేసుకున్నాను. విచిత్రంగా ఉంది, ఇంకా ఏమీ జరగలేదు, అప్పుడే ఆకలేస్తోంది. చెప్పాల్సింది మూడు వాక్యాలే. వరసగా రాసి పెట్టుకున్నాను.

యాదగిరి గారూ, ఏడుసార్లూ ఆ స్విచ్ కట్టేసింది నేనే. జాయింట్ వదులుగా ఉందని అబద్ధం చెప్పాను. మీ చెయ్యి ఏనాడూ జారలేదు.