"విన్నాను" అనే చీటీ

మా ఆయన్ని అందరూ చెవి మాస్టారు అంటారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. పాత రిసీవర్లు బాగుచేస్తారు. రిసీవరంటే రేడియో, ఆంప్లిఫయరు కలిసి ఒకే చెక్కపెట్టెలో ఉండే పాతకాలపు సెట్టు. ముందువైపు వెండిరంగు నాబ్‌లు, వెనకవైపు వరసగా సాకెట్లు. ఎత్తితే నడుం పట్టేస్తుంది. మా పెళ్ళయిన కొత్తలో ఎవరో ఫోన్ చేసి, "సెట్టు గుయ్యిమంటోందండీ" అని ఫోనుని దాని దగ్గర పెట్టారు. ఈయన భోంచేస్తూనే, "వెనక ఎర్త్ వైరు ఊడింది చూడండి" అన్నారు. నిజంగానే ఊడింది. అప్పట్నుంచీ ఆ పేరు. అలా ఎవరైనా పిలిచినప్పుడల్లా ఆయన మీసం కాస్త పైకి లేస్తుంది. చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

బాగైన ప్రతి సెట్టు వెనకా ఆయన ఒక చీటీ అంటిస్తారు. దాని మీద ఒకటే మాట: "విన్నాను." కింద సంతకం, తేదీ. గ్యారంటీ అన్నా, ఇంకేదన్నా అదే.

రెండేళ్ళ కిందట ఒకరోజు వాషింగ్ మిషను పని ముగించి కీకీమని అరుస్తోంది. ఆయన దాని పక్కనే నిలబడి, "ఇదింకా అవ్వలేదేంటే?" అని అడిగారు. చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. సన్నటి శబ్దాలు పోయాయి, లావు శబ్దాలు కొంత మిగిలాయి అని చెప్పి, డాక్టరు చెవికి పెట్టుకునే మిషను ఇచ్చాడు. అది ఇప్పటికీ షాపు సొరుగులో స్క్రూల మధ్య పడుంది.

"చెవి మాస్టారు చెవిలో మిషను పెట్టుకుని కూర్చుంటే ఇంక సెట్టు ఎవడు తెస్తాడే?" అన్నారు ఈయన.

అలా నేనూ ఈ దొంగపనిలో చేరాను. షాపులో గోడవారగా ఒక కుర్చీ వేసుకున్నాను. సెట్టు పాడుతుంటే నేను కుడి చెవి కమ్మ సవరించుకుంటే కుడివైపు లోపం. ఎడమ కమ్మయితే ఎడమవైపు. రెండూ పట్టుకుంటే వెంటనే ఆపెయ్యమని. కమ్మల జోలికి పోకపోతే చీటీ రాసెయ్యొచ్చు. రెండేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఈవిడకి చెవులు దురద కాబోలు అనుకుని ఉంటారు.

మొన్నొకరోజు పదకొండింటికి లైబ్రేరియన్ గారు వచ్చారు. వాళ్ళ గ్రంథాలయంలో పాటలు వినే గది ఒకటుంది. అందులోని రిసీవర్నీ, నా నడుమంత ఎత్తున్న రెండు స్పీకర్లనీ ఆటోలో వేయించుకుని తెచ్చారు. ఆ స్పీకర్ల లోపల అదిరి శబ్దం పలికించే కాయితం చిరిగితే మళ్ళీ దొరకదు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాటితోపాటు అరచేతిలో పట్టే కొత్త నల్లపెట్టె కూడా తెచ్చారు. ఫోనులో పాట నొక్కితే అది అందుకుని వైరుగుండా సెట్టుకి పంపుతుంది.

"రేపు కమిటీ వాళ్ళ ముందు వినిపించాలి మాస్టారూ," అన్నారావిడ. "ఈ పెట్టె తగిలిస్తే పాత సెట్టు ఇంకో ఇరవయ్యేళ్ళు పనికొస్తుందని నేనే వాళ్ళతో గొడవపడ్డాను. పలక్కపోతే వచ్చే వారం అన్నీ తుక్కు కిందకి పోతాయి. మీరు విన్నానంటే చాలు, నాకింకేం అక్కర్లేదు."

ఈయన మీసం లేచింది.

ఈయనకో అలవాటు. వైరు పెట్టడానికి సెట్టుని వెనక్కి తిప్పి చూడరు. ముందు నిలబడే చెయ్యి వెనక్కి పోనిచ్చి, వేళ్ళతో తడిమి వైరు గుచ్చేస్తారు. నలభయ్యేళ్ళుగా అంతే. పెట్టె వైరు గుచ్చారు, సెట్టు ఆన్ చేశారు, లైబ్రేరియన్ గారు తన ఫోనులో ఒక వీణ పాట నొక్కారు.

వచ్చింది వీణ కాదు. డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు గరగర, దాని వెనక గోడలు అదిరే మోత.

నాకు వెంటనే అర్థమైంది. ఆయన వేళ్ళు ఎప్పుడూ వెళ్ళే చోటికే వెళ్ళాయి. అది ఫోనో సాకెట్టు, రికార్డు ప్లేయరుది. రికార్డు సూది నుంచి వచ్చేది గుసగుసంత. దాన్ని ఆ సాకెట్టు వంద రెట్లు పెంచుతుంది, లావు శబ్దాన్ని ఇంకా ఎక్కువ పెంచుతుంది. ఈ నల్లపెట్టె అసలే గట్టిగా మాట్లాడే రకం. దాన్ని ఆక్స్ అని రాసున్న సాకెట్టులో పెట్టాలి. ఈ సంగతి ఆయన నాకు నేర్పిందే.

రెండు కమ్మలూ పట్టుకున్నాను. ఆయన నా వైపు చూస్తేగా! కళ్ళు మూసుకున్నారు. మొహం వెలిగిపోతోంది. రెండేళ్ళుగా ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

"ఆహా, ఎంత నిండుగా ఉందో!" అంటూ వాల్యూమ్ ఇంకాస్త పెంచారు.

స్పీకరు కాయితం బయటికీ లోపలికీ కొట్టుకుంటోంది. నేను దగ్గాను. పక్కనున్న స్క్రూల డబ్బా కింద పడేశాను. గలగలమని నేలంతా దొర్లాయి. లైబ్రేరియన్ గారు ఉలిక్కిపడి తిరిగారు. ఆయన కదల్లేదు.

"ఇలాగే ఉండాలా మాస్టారూ? కొంచెం గరగరమంటున్నట్టు..." ఆవిడ నసిగి, జవాబు రాకపోయేసరికి, "మీకు తెలియనిదా, మీరు బాగుందంటే బాగున్నట్టే," అని తగ్గిపోయారు.

ఇంకో నిమిషం ఊరుకుంటే మా పరువు దక్కుతుంది, ఆవిడ స్పీకర్లు పోతాయి. నోరు తెరిస్తే స్పీకర్లు దక్కుతాయి, నలభయ్యేళ్ళ పేరు పోతుంది. ఆయన మీసం నవ్వుతోంది. లేచి వెళ్ళి నాబ్ సున్నాకి తిప్పేశాను.

"ఏమే, ఎందుకాపావ్?" అని అరిచారు.

"శబ్దం పగిలిపోతోందండీ. ఫోనోలో పెట్టారు."

ఆయన చెయ్యి మెల్లగా సెట్టు వెనక్కి వెళ్ళి, వైరు ఎక్కడుందో తడిమి చూసుకుంది. నేను మాట తిప్పబోయాను. "తొందరలో సాకెట్టు మారిందండీ, అంతే."

"అంతే కాదు," అన్నారాయన. లైబ్రేరియన్ గారి వైపు తిరిగారు. "సాకెట్టు ఎవరికైనా మారుతుందమ్మా. అది పగులుతోందని నాకు వినపళ్ళేదు. రెండేళ్ళయింది సన్నవి వినపడక."

"మరి పోయినేడాది ఈ సెట్టు వెనక అంటించిన చీటీ?"

ఆయన తలొంచుకున్నారు. "నేను విన్నానమ్మా," అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది, దాచుకోలేదు. "ఈ మాట నాతో అనుండాల్సింది మాస్టారూ. మిమ్మల్ని నమ్మే కదా నేను కమిటీతో పోట్లాడింది," అన్నారు. తర్వాత వంగి స్పీకరు కాయితాన్ని వేలితో మెల్లగా ఒత్తి చూసుకున్నారు. చిరగలేదు.

"సరే, ఇప్పుడు సరిగ్గా పెట్టండి. విందాం."

ఆయన సెట్టుని వెనక్కి తిప్పారు. వైరు కోసం అలా తిప్పడం నేను చూడ్డం అదే మొదటిసారి. కళ్ళజోడు పెట్టుకుని, సాకెట్ల కింద అక్షరాలు ఒక్కొక్కటీ చదివి, వైరు ఆక్స్‌లో పెట్టారు. స్పీకర్ల మధ్య తను తప్ప ఎవ్వరూ కూర్చోని కుర్చీని నా వైపు జరిపారు.

"కూర్చో," అన్నారు. "కమ్మలు ముట్టుకోకు. నోటితో చెప్పు."

వీణ వచ్చింది. తీగ మీద గోరు తగిలిన చప్పుడు కూడా విడిగా వినపడుతోంది. లైబ్రేరియన్ గారి భుజాలు దిగాయి. ఆయన మాత్రం మెడ ముందుకి చాచి, నుదురు ముడేసి, దూరంగా వెళ్ళిపోతున్న మనిషి మాటలు పట్టుకోవడానికి చూస్తున్నట్టు నిలబడ్డారు.

"బాగుందా?"

"బాగుందండీ. రెండువైపులా."

చీటీ, కలం నా ముందు పెట్టారు. నేను "విన్నాను" అని రాసి, నా సంతకం పెట్టాను. లైబ్రేరియన్ గారు దాన్ని రెండుసార్లు చదివి, తన చేత్తోనే సెట్టు వెనక అంటించారు. "వచ్చే నెల ఇంకో సెట్టు పంపుతాను. అమ్మగారు ఉన్నప్పుడే చూడండి," అని వెళ్ళారు.

ఆయన నేలమీద కూర్చుని స్క్రూలు ఏరడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. సగం ఏరాక, తలెత్తకుండానే అన్నారు.

"నాకు మాత్రం ఇందాకటి మోతే బాగుందే."