అరికాలి చుక్క

తులసమ్మ చేతులు నేల మీద పరిచిన తెల్లదుప్పటిపై ఇస్త్రీపెట్టె నడుపుతున్నాయి. ముడత ఒక్కటి మిగిలినా ఫొటోలో నీడ పడుతుంది. మోకాళ్లు నేలకు ఆనించి చేయాల్సిన పని ఇది, ఆ మోకాళ్లు ఇప్పుడు మాట వినడం లేదు. పొద్దున ఇస్త్రీ చేసిన దుప్పటిని ఒక పసివాడు తడిపి పోయాడు. ఇది రెండోది.

మార్కాపురం బస్టాండు వెనక సందులో ఈ ఫొటో స్టూడియో ఆమె భర్త నాగభూషణరావు పెట్టింది. మొదట్లో ఆమె చీకటిగదిలో ప్రింట్లు కడిగి తీగకు ఆరేసేది. ఆయన చూపు మందగించాక కెమెరా తన చేతికి తీసుకుంది. ఎవరూ నేర్పలేదు. చెడిపోయిన ఫొటోలే నేర్పాయి. ఆయన పోయాక మూసేయమన్నవాళ్లు చాలామంది. ఆమె మూయలేదు. పెళ్లిళ్లు డ్రోన్లు ఉన్న కుర్రాళ్లకు పోయాయి. ఆమెకు మిగిలినవి పాస్‌పోర్టు ఫొటోలు.

ఆమె కెమెరా పట్టిన కొత్తలో పాస్‌పోర్టు అంటే చేత్తో రాసి ఫొటో అంటించిన పుస్తకం. చంటిబిడ్డకు వేరే పుస్తకం ఉండేది కాదు, తల్లి పుస్తకంలోనే పేరు ఎక్కించేవారు. తర్వాత బిడ్డకూ వేరే పుస్తకం కావాలన్నారు. కొన్నాళ్లకు చేతిరాత పుస్తకాలు చెల్లవన్నారు. మొహం ఇంత ఉండాలి, వెనక తెలుపే ఉండాలి, నీడ పడకూడదు, నవ్వకూడదు అన్నారు. ఇప్పుడు పెద్దవాళ్ల ఫొటో ఆఫీసులోనే తీసేస్తున్నారు. నాలుగేళ్లు నిండని పిల్లల ఫొటో మాత్రం మనమే పట్టుకుపోవాలి. అట్లా పసిపిల్లలంతా తులసమ్మ దుప్పటి మీదికి వచ్చారు.

ఇస్త్రీపెట్టె పక్కన పెడుతుండగా ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చారు. పుల్లలచెరువు వైపు పల్లెలో గొర్రెలు కాసే ఇంటివాళ్లు. చిన్నది శ్రీదేవి, చేతిలో కాగితాల సంచి. పెద్దది ఆమె తల్లి నాగేంద్రమ్మ, చంకలో మనవరాలు హరిత. పాప చెంప మీద రూపాయి బిళ్లంత కాటుక చుక్క.

“పెద్దమ్మా, పాప ఫొటో పనికిరాదని తిప్పి పంపినారు,” అంటూ శ్రీదేవి ఒక ఫొటో ఇచ్చింది. “మా తమ్ముడు ఫోన్లో తీసినాడు. చుక్కని దాంట్లోనే తుడిచేసినాడు.”

తులసమ్మ కళ్లద్దాలు సవరించుకుని చూసింది. “చెంపతో పాటు చెవి గూడా తుడిచినాడే! వాణ్ణి కొన్నాళ్లు ఫోను ముట్టనియ్యొద్దు తల్లీ.”

శ్రీదేవి నవ్వలేకపోయింది. “రేపు మళ్లీ రమ్మన్నారు. పాప వాళ్ల నాయనకి మస్కట్‌లో కంపెనీ ఇల్లు ఇచ్చింది. నెలాఖరులోపల పాప పాస్‌పోర్టు చూపించకుంటే ఆ ఇల్లు ఇంకొకరికి పోతాది. ఆయన బిడ్డని ఇంతవరకూ ఎత్తుకోలేదు.”

“అయితే మొహం కడుగు. ఉన్న మొహాన్ని ఉన్నట్టే తీస్తా.”

నాగేంద్రమ్మ పాపను గుండెకు అదుముకుంది. “కడిగేది లేదక్కా. దీని అన్నని, పెద్దోణ్ణి, అట్లనే కడిగి ఫొటో తీసినారు. ఊరందరికీ పంపినారు. నెల తిరక్కుండా పోయినాడు.”

“జొరమొచ్చి పోయినాడమ్మా,” అంది శ్రీదేవి.

“జొరం ఎందుకొచ్చె?”

ఆ ప్రశ్న ఇంట్లో ఎన్నిసార్లు లేచి ఉంటుందో, శ్రీదేవి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. తులసమ్మ స్టూలు మీద కూలబడి మోకాళ్లు నొక్కుకుంది. ఇట్లాంటి వాదనలు ఆమె చాలా విన్నది, కొన్ని తనూ చేసింది. గెలిచినా ఓడినా బిడ్డ ఏడుస్తుంది, ఏడ్చి కందిన మొహం ఫొటోకు పనికిరాదు. ఆమె చెయ్యి చాచి పాప పాదం పట్టుకుంది.

“కాటుక తెచ్చినావా చెల్లీ?”

“సంచిలోనే ఉంటది, ఎప్పుడూ.”

“ఇదిగో, ఈ అరికాల్లో పెట్టు. ఎంత పెద్దదైనా పెట్టు. పాస్‌పోర్టోళ్లు అరికాలు అడగరు.”

“కాల్లో చుక్క మొహాన్ని కాస్తదా?”

“పొట్టేలు మెడలో కట్టిన దిష్టితాడు మందనంతా కాయట్లా?”

“నా మనవరాలికీ పొట్టేలికీ పోలికా?” అని నాగేంద్రమ్మ కసిరింది. కానీ పాదం వైపు చూస్తూనే ఉంది. కాసేపటికి కాటుక డబ్బీ మూత తీసింది. “రెండు కాళ్లకీ పెడతా. నువ్వు కెమెరా దించంగానే చెంపకీ పెడతా.”

“దించకముందే వేలికి కాటుక అంటించుకుని నిలబడు.”

రెండు అరికాళ్లూ నల్లబడ్డాక, నాగేంద్రమ్మ తన కొంగు చివర సంచిలోని నూనెలో ముంచి తనే చెంప తుడిచింది. చుక్క కింద చర్మం కాస్త లేతగా ఉంది.

తెల్లగౌను దుప్పట్లో కలిసిపోతుందని తులసమ్మ విప్పించి, స్టూడియోలో ఉంచే ముదురు నీలం గౌను తొడిగించింది. కిటికీ వెలుతురు మొహమంతా సమంగా పడేలా పాపను పడుకోబెట్టింది. స్టూలెక్కి పైనుంచి కెమెరా పట్టింది. పాప అమ్మమ్మ కోసం పక్కకే చూస్తోంది.

“చెల్లీ, నా వెనకొచ్చి నిలబడు. పిలువు దాన్ని.”

నాగేంద్రమ్మ పేరు పెట్టి పిలవలేదు. గొర్రెలను మళ్లించేటప్పుడు చేసినట్టు నాలుకతో టక్కుటక్కుమంది. పాప పక్కచూపు మాని, నోరు మూసి, తిన్నగా పైకి చూసింది. తులసమ్మ మీట నొక్కింది. పాప కన్ను ఆర్పిందేమోనని మళ్లీ నొక్కింది.

కెమెరా కిందికి దిగేలోపే చుక్క చెంప మీదికి వచ్చేసింది.

కంప్యూటర్లో తులసమ్మ కొలత మాత్రమే సరిచేసింది. గడ్డం మీది చెమటకాయను అట్లాగే వదిలేసింది. ప్రింటు ఆరాక అంచులు కోసింది. నాగేంద్రమ్మ ఒకటి తీసుకుని చాలాసేపు చూసింది. పాప పుట్టిన రోజు తర్వాత ఆ మొహాన్ని చుక్క లేకుండా ఆమె చూసినట్టు లేదు.

“దీని వెనకన్నా చిన్న చుక్క...”

“వెనకా వద్దు. కవరు మీద పెట్టుకో.”

నాగేంద్రమ్మ కవరు మూలన వేలు అద్దింది. తులసమ్మ ఫొటోలు అందులో వేసి, మడత పడకుండా అట్టముక్క చేర్చి, శ్రీదేవి చేతికిచ్చింది.