విమలక్క చెప్పిన చాక్లెట్ లెక్క

నిన్న ఎదురింటి అబ్బాయి దుబాయి నుంచి వచ్చాడు. వీధిలో ఇంటింటికీ పంచిన చాక్లెట్లలో మాకు నల్లవి వచ్చాయి. రేకు కాగితం విప్పగానే కాస్త మాడినట్టున్న చేదు వాసన. విమలక్క గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్ళయినా చల్లారని నా కడుపుమంటా గుర్తొచ్చింది.

కోరుట్లలో ఆమెది మా పక్కిల్లు. మధ్యాహ్నాలు ఆమె అరుగు మీద ఆడవాళ్ళమంతా ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళం. ఏడో తరగతితో బడి ఆగిపోయినా గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదాన్ని నేను. ఆ సంగతి అందరూ గుర్తించాలని ఆశ. గల్ఫ్ చాక్లెట్లు బలమని తల్లులు పిల్లలకు రాత్రి అన్నం తర్వాత పెట్టేవారు. నేను చదివింది చెప్పబోయాను.

"కోకోల కెఫీన్ ఉంటది. చాక్లెట్ ఎంత నల్లగుంటే అంత ఎక్కువ. చక్కెర బిళ్ళలల్ల ఉండది. క్యాలరీలైతే కొవ్వు గ్రాముకు తొమ్మిది, చక్కెర గ్రాముకు నాలుగు..."

"మల్ల మొదలువెట్టింది పంతులమ్మ! దారం ఇటియ్యే," అంది గంగవ్వ. అందరూ నవ్వారు.

విమలక్క నవ్వలేదు. సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అడిగింది. చాక్లెట్‌కు ఎన్ని క్యాలరీలు, రొట్టెకు ఎన్ని అని లెక్క వేయించింది. మర్నాడు అరుగు మీద ఆమె మాట ఇది:

"గంగవ్వా, నాలుగు చాక్లెట్ బిళ్ళలు తింటే రెండు రొట్టెలు తిన్నట్టేనే. నల్లయి తింటే చాయ్ తాగినట్టు. పండుకునే ముంగట పోరగాండ్లకు చాయ్ పోస్తవా?"

"అవ్వో, ఎందుకు పోస్త!"

అప్పటి నుంచి వీధంతా 'విమలక్క చెప్పింది' అనడమే. చదివింది ఎవరో ఒక్కరూ అడగలేదు.

అంతవరకూ ఓర్చుకున్నాను. మా బిడ్డ స్వాతి పదో తరగతి పరీక్షల ముందు రాత్రిళ్ళు చాక్లెట్ తిని నిద్రపట్టక దొర్లేది. ఎంత చెప్పినా వినలేదు. ఒకరోజు పక్కింటికి వెళ్ళి వచ్చి, "ఇగ పొద్దుగాలనే తింట. పెద్దమ్మ చెప్పింది," అంది.

"నేను చెప్తె ఇనవు గని!"

"నువ్వు చెప్పేది పాఠమమ్మ. పెద్దమ్మది ముచ్చట."

పట్టలేక విమలక్కనే నిలదీశాను. "గదంత నేను చెప్పిందే గదక్కా?"

"నువ్వు చెప్పిందేనే," అంది, బీడీ ఆకు కత్తిరిస్తూనే. "మరి గంగవ్వ పోరగాండ్లు ఎప్పుడు పండుకుంటరో నీకెరుకనా? ఎన్నడన్న అడిగినవా?"

ఎన్నడూ అడగలేదని నాకూ తెలుసు. అందుకు ఇంకా ఎక్కువ మండింది.

నిన్న సాయంత్రం, సిరిసిల్ల నుంచి వచ్చిన స్వాతి కూతురు ఆ చాక్లెట్ కోసం చెయ్యి చాపింది. గ్రాములు, క్యాలరీలు నాలుక చివరి దాకా వచ్చాయి. మింగేసి, "పగటీలి పండుకున్నవా?" అని అడిగాను. పండుకున్నానంది. "మరి గిప్పుడు ఇది తింటే చాయ్ తాగినట్టు. నిద్రెట్ల వస్తది? రేపు పొద్దుగాల తిందువు."

పిల్ల బుద్ధిగా రేకు కాగితం మడిచింది. "ఎవరు చెప్పిండ్రు అమ్మమ్మా?"

నేనే చదివానని అనబోయాను. ఇన్నేళ్ళకు ఆ మాట అడిగిన ఒకే ఒక్క మనిషి ఈ పిల్ల.

"విమలక్క," అన్నాను.