ఈ ఒక్క ఏడాదికే

ఆర్థిక శాఖ ఉద్యోగి కువబారా చివరిగా చేసిన పని ఒక చట్టం ముసాయిదాలో సంవత్సరం అంకె మార్చడం. ఆ మధ్యాహ్నమే గుండె ఆగింది.

రోజువారీ ఖర్చులకు సర్కారు అప్పు చేయకూడదని చట్టం. ‘ఈ ఒక్క ఏడాదికే’ మినహాయింపంటూ ఏటా ఇంకో చట్టం; దాని ముసాయిదా రాసేది కువబారానే. పార్లమెంటు పెద్దలు సిగ్గూ ఎగ్గూ లేకుండా, గంభీరమైన మొహాలతో లేచి నిలబడి ఆమోదించేవారు.

“ఈసారీ ‘ఒక్క ఏడాదే’నా, ఏమండీ?” అని భార్య సుమియే మిసో సూపు పోస్తూ ఎగతాళి చేసేది.

“నవ్వకు. అప్పు అక్కర్లేక ఆ ముక్క కొట్టేసే రోజొస్తుంది.”

రిటైరయ్యాక బెప్పులో, వేడినీటి బుగ్గల దగ్గర ఉందామనుకున్నారు. ఆఫీసువాళ్లు వదలడం లేదంటూ ఆయన మూడేళ్లు వాయిదా వేశాడు. ఆ ఆఫీసును ఆమె నోరారా తిట్టింది.

అంత్యక్రియలకొచ్చిన పైఅధికారి తలవంచి చెప్పాడు: “మేమెప్పుడో వెళ్లమన్నామమ్మా. ‘ఈ ఒక్క ఏడాదికే’ అన్న మాట తన చేత్తోనే కొట్టేయాలని, ఉండనివ్వమంటూ ఏటా ఆయనే అర్జీ పెట్టుకున్నారు.”