మీసాల మేస్త్రి చొక్కా

మా బాబాయి ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీసేవాడు. ఆదివారం మాత్రం వడ్రంగి. ఆ విద్య నేర్పింది టీవీలో పొద్దున్నే వచ్చే ఒక పెద్దమనిషి. ఆయన పేరు మాకెవరికీ పట్టలేదు, మీసాల మేస్త్రి అనేవాళ్లం. అరగంటలో చెక్కల్ని బల్ల చేసి పెట్టేవాడు. చెమట పట్టేది కాదు, వేలు తెగేది కాదు. బాబాయి టీవీకి మరీ దగ్గరగా కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టకుండా నోరు తెరుచుకుని చూసేవాడు.

ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే, వరండాలో చిత్రిక పడుతూ "ఇప్పుడు అంచులు నున్నగా చేసుకుందాం" అని పైకే చెప్పేవాడు.

"ఎవరితో అండీ ఆ మాటలు?" అని పిన్ని లోపలి నుంచి అరిచేది.

"ప్రేక్షకులతో!"

"ఆ ప్రేక్షకుల్నే వచ్చి ఈ పొట్టు ఊడవమనండి."

ఆ కార్యక్రమం ఆగిపోయి ఎన్నేళ్లో అయింది. ఎక్కడైనా రంపపు పొట్టు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆదివారం అనిపిస్తుంది.

అప్పటిదాకా ఆయన చేసినవన్నీ కుంటి స్టూళ్లు, మూత పడని పెట్టెలు. ఇంతలో నానమ్మ మోకాళ్లు మొరాయించాయి. ఇంట్లో కుర్చీలన్నీ పల్లంగా, చేతుల్లేకుండా ఉండేవి. కూర్చున్న మనిషి లేవాలంటే ఇద్దరం చెరో రెక్కా పట్టి ఎత్తాలి. అంతకుముందు ఒకరి సాయం ఎరగని మనిషి. "నన్ను బస్తాలా ఎత్తకండర్రా" అని ముందుగదిలోకి రావడమే మానేసింది. ఎత్తైన తన మంచం మీద నుంచే, తలుపులోంచి టీవీ చూసేది. అదీ పై సగమే. కింది సగానికి బాబాయి తలకాయ అడ్డం. ఆమె గొంతు వినపడని ముందుగదిలో నాకు కూర్చోబుద్ధయ్యేది కాదు.

"అమ్మకి ఎత్తు కుర్చీ చేస్తా. చేతులు ఆనించి తనే లేస్తుంది" అన్నాడు బాబాయి. అదీ మేకుల్లేకుండా! మీసాల మేస్త్రి మేకు కొట్టడు కాబట్టి ఈయనా కొట్టడు. గాడులు తొలిచాడు, బంక పూశాడు, అతుకులు కదలకుండా క్లాంపులు బిగించాడు. లోపలికొచ్చి టీ తాగి, వెళ్లి విప్పేశాడు.

ముందు తనే కూర్చుని చూడటం మంచిదైంది. కుర్చీ ఎటు ముక్క అటు పోయింది, బాబాయి నేల మీద మిగిలాడు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన నవ్వలేదు. "మేస్త్రి చేసినట్టే చేశాను కదా" అంటూ ముక్కల్ని తిప్పి తిప్పి చూస్తుంటే జాలేసింది. రంపాన్ని అటకెక్కించడానికి స్టూలు లాక్కున్నాడు.

అప్పుడు నానమ్మ మంచం మీద నుంచి పిలిచింది.

"ఒరేయ్, బంక పూశాక ఎంతసేపు ఉంచావు?"

"ఆయన ఉంచినంతసేపే. ప్రకటనలు అయ్యేదాకా."

"ప్రకటనలకి ముందు నీలం చొక్కా, తర్వాత గళ్ల చొక్కా. మధ్యలో చొక్కా ఎందుకు మారిందిరా? తెల్లారింది కాబట్టి!"

ఇన్నాళ్లూ బాబాయి మేస్త్రి చేతులే చూశాడు. నానమ్మకేమో చేతులు కనపడవు, మీసాలూ చొక్కా తప్ప.

రంపం అటకెక్కలేదు. మళ్లీ బంక పూసి, తర్వాతి ఆదివారం దాకా ఆ కుర్చీ ఛాయలకి ఎవర్నీ రానివ్వలేదు.

ఆ ఆదివారం నానమ్మ ముందుగదిలో, కొత్త కుర్చీలో కూర్చుని మేస్త్రిని చేతులతో సహా చూసింది. అయిపోగానే అలవాటు కొద్దీ నేనూ పిన్నీ చెరోవైపు చేరాం.

"తప్పుకోండి" అంది.

కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి, మెల్లగా, ఒక్కతే లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది. బాబాయి ఆమె మొహం చూడనేలేదు. మోకాళ్ల మీద కూలబడి, ఊపిరి బిగబట్టి, కుర్చీ కాలి దగ్గర అతుకునే చూస్తున్నాడు. అది కదల్లేదు.

నానమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది.

"చూసింది చాల్లే, లే. నిన్నెవరైనా రెక్క పట్టి లేపాలా?"