పీత విడిచిన డొల్ల

నా చిన్నప్పుడు మా అమ్మకు జబ్బు చేస్తే గుడివాడ ఆసుపత్రిలో చేర్చి, నన్ను బందరులో మా మేనత్త దగ్గర ఉంచారు. నాయనమ్మ కూడా అక్కడే ఉండేది. మేనత్త కాలేజీలో పాఠాలు చెబుతూ, మడ అడవుల్లో దొరికే పీతల మీద పరిశోధన చేసేది. సెలవు రోజున గిలకలదిండి వైపు వెళ్ళి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని బురదలో దిగేది. ఇల్లంతా ఉప్పుబురద కంపని నాయనమ్మ విసుక్కునేది. నాకు ఆ వాసన బాగానే ఉండేది.

పెరట్లో సిమెంటు తొట్లు ఉండేవి. తొట్టికి ఒక్కటే పీత. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తింటాయట. అత్త పొద్దున చేపముక్కలు తూచి వేసేది, సాయంత్రం మిగిలినవి తీసి మళ్ళీ తూచేది. ఏ పీత ఎంత తింటే ఎంత పెరుగుతుందో చూడటం ఆమె పని. అన్నిటికన్నా పెద్ద మండపీత ఉన్న తొట్టి దగ్గర నేను కూర్చునేదాన్ని. ఒకసారి దానికి రొయ్య వేస్తుంటే అత్త చూసింది. "దొంగతిండి పెట్టకే, నా లెక్క తప్పుతుంది" అంది.

కొన్నాళ్ళకు నాన్న వచ్చాడు. తల మీద జుట్టు లేదు. అమ్మకు నయం కావాలని మొక్కుకున్నాననీ, ఆ మొక్కు తీర్చుకుని వస్తున్నాననీ చెప్పాడు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే, నెమ్మదించగానే అన్నాడు. ఆయన వెళ్ళాక నేను రోజూ వీధరుగు మీద కూర్చుని, గుడివాడ బస్సు దిగి వచ్చేవాళ్ళ ముఖాలు చూసేదాన్ని.

ఒక ఉదయం మండపీత తొట్టి అడుగున కదలకుండా పడి ఉంది. ఏడుస్తూ అత్తను పిలిచాను. ఆమె దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. వెనకవైపు పెంకు మూతలా తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. కాళ్ళు, డెక్కలు, కళ్ళ మీది పొర, అంతా డొల్ల. తర్వాత తొట్టిలోని కుండపెంకును కొంచెం ఎత్తి చూపించింది. దాని కింద మండపీత ముడుచుకుని ఉంది. ముందటికన్నా పెద్దదిగా ఉంది. పాత పెంకు ఇరుకైతే విడిచేస్తుందనీ, కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళు మెత్తగా ఉంటుంది కాబట్టి దాక్కుంటుందనీ చెప్పింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకో అప్పుడే అడగాలనిపించింది.

"నాన్న గుండు మొక్కుకేనా అత్తా?"

ఆమె కుండపెంకును మెల్లగా కిందికి దించి, తొట్టి అంచున కూర్చుంది.

"కాదు తల్లీ. మీ అమ్మ చచ్చిపోయింది."

"పీత వచ్చిందిగా?"

"పీత చావలేదు. పెంకు మార్చుకుంది, అంతే. మీ అమ్మ పోయింది. ఇక రాదు."

వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ, "పసిపిల్లతో అనే మాటేనటే అది?" అంది.

"రోజూ అరుగు మీద కూర్చుంటోందమ్మా. ఎన్నాళ్ళు కూర్చోబెడదాం?" అంది అత్త.



ఆ రోజు అత్త కాలేజీకి వెళ్ళలేదు. పీతలకు తిండి తూచలేదు. నేను ఏడ్చి, ఊరుకుని, మళ్ళీ ఏడుస్తుంటే పక్కనే ఉంది. ఊరుకోమని అనలేదు. అమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళిందనీ చెప్పలేదు. చివర్లో అమ్మ నన్ను అడిగిందా, దగ్గర ఎవరున్నారు, ఇలా నేను ఏది అడిగితే దానికి తనకు తెలిసినంత చెప్పింది. తెలియనిది తెలియదంది.

మేనత్త ఈ ఏడాది పోయింది. చూడటానికి వచ్చినవాళ్ళు ఆమె పరిశోధన గురించీ, ఆమె గుర్తుపట్టిన పీతజాతుల గురించీ మాట్లాడారు. అవన్నీ నిజమే. ఈ వయసుకు వచ్చేసరికి, ఆ రోజు అత్త నాకు చెప్పినలాంటి చావు కబురు నేనూ కొందరికి చెప్పవలసి వచ్చింది. మాట తిప్పకుండా చెబుతాను. చెప్పేముందు, ఆ రోజుకు నాకు వేరే పని లేకుండా చూసుకుంటాను.