పెట్టె మీది ఆనవాలు

కువైట్‌లోని ఫర్వానియాలో ఉండే జగిత్యాల వాళ్ళలో ఎవరు ఊరికి పోతున్నా ముందు పరశురాం గదికి వస్తారు. విమానంలో వేసే అట్టపెట్టె కట్టాలంటే అతనే కట్టాలని వాళ్ళ నమ్మకం. పాలపొడి డబ్బాలు అడుగున పేర్చి, వాటి సందుల్లో సబ్బులు దూర్చి, సెంటు సీసాలను పిల్లల బట్టల్లో చుట్టి, పైన కంబలి మడతపెట్టి మూత వేస్తాడు. టేపు చుట్టాక నైలాన్ తాడు. మోకాలు పెట్టెకు ఆనించి, పళ్ళ బిగువున లాగి, ఆఖరి ముడి పడగానే దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకు అద్దుకుంటాడు. "అంజన్నా, ఇగ నీదే భారం" అంటాడు. కొండగట్టు దేవుడికి అప్పజెప్పిన ముడి కదా, ఇంటి దగ్గర కత్తితో కోయాల్సిందే గాని చేత్తో విప్పిన వాళ్ళు లేరు.

ఆ తర్వాత రాత. పడుచుతనంలో అతను కోరుట్ల చుట్టుపక్కల గోడల మీద విత్తనాల కంపెనీల పేర్లు, ఎన్నికలప్పుడు గుర్తులు రాసిన మనిషి. బడి మధ్యలో ఆగిపోయినా చెయ్యి ఆగలేదు. లావు మార్కర్ పట్టి పెట్టెకు ఆరు వైపులా రాస్తాడు, అడుగున కూడా. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు, ఆపైన ఒక ఆనవాలు. వాటర్ ట్యాంకు పక్క గల్లీ అనో, రేషన్ షాపు ఎదురుగా అనో. హైదరాబాదులో బెల్టు మీద అన్నీ అన్నదమ్ముల్లాంటి పెట్టెలే వస్తాయి. ఒకసారి ఒక పెట్టె ఎవరితోనో పోతే, ఆ పెద్దమనిషి ఆనవాలు చూసుకుంటూ వచ్చి ఇంటి అరుగు మీద పెట్టి, మంచినీళ్ళు తాగి పోయాడట. అప్పటి నుంచి ఆనవాలు లేని పెట్టె పరశురాం చేతి మీదుగా దాటలేదు.

పగలు అతని పని కూడా పెట్టెలతోనే. దజీజ్‌లో ఒక కార్గో గోదాం. అక్కడ అతని జోడీ ఆదం, సూడాన్ మనిషి, దార్ఫూర్ వాడు. పొడుగ్గా, నల్లగా, నవ్వితే ముఖమంతా నవ్వే మనిషి. ఒకరి మాట ఒకరికి రాని రోజుల్లోనే బరువు చెరో వైపు ఎత్తి స్నేహితులయ్యారు. ఇప్పుడు సగం అరబీ, సగం హిందీ, నడుమ నాలుగు తెలుగు ముక్కలు. పరశురాం శనివారం ఒక్కపొద్దు ఉంటాడని ఆదంకు తెలుసు. ఆ రోజు తన ఖర్జూరాలు తినకుండా కాగితంలో చుట్టి అతని సంచిలో పెడతాడు. రంజాన్ నెలలో ఆదం ఎదుట పరశురాం నీళ్ళ సీసా మూత తీయడు, గోడ చాటుకు పోతాడు. ఈ సంగతులు ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆదం దేశంలో యుద్ధం మొదలయ్యాక అతని నవ్వు తగ్గింది. సొంత ఊరు తగలబడింది. తల్లి కల్తూమా నడిచి నడిచి దగ్గరి పట్నం చేరి, మసీదు వెనకాల మూతపడ్డ బడిలో, తనలాంటి ఆడవాళ్ళతో కలిసి తలదాచుకుంది. అక్కడ ఎప్పుడో గాని సిగ్నల్ దొరకదు. గోదాంలో ఫోను మోగేది కిటికీ పక్క అరలో పెడితేనే. ఆదం ఫోను పొద్దస్తమానం ఆ అరలోనే ఉంటుంది. తల్లి గొంతు వినిపించిన రోజు అతను బరువులు ఒక్కడే ఎత్తేస్తాడు.

ఆ చలికాలం ఆ దేశపు యుద్ధం వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. కువైట్‌లో చాలామంది ఫోన్లలో తమ ఫొటోలు తీసేసి, సూడాన్‌కు తోడుగా అంటూ ఒకే రంగు బొమ్మ పెట్టుకున్నారు. ఇళ్ళలోంచి కోట్లు, దుప్పట్లు, డబ్బా పాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. వాటిని సర్ది పంపడానికి కొందరు పడుచు పిల్లలు గోదాంలో ఒక మూల తీసుకున్నారు. వాళ్ళలో దేవిక ఉంది. గుంటూరు వాళ్ళ పిల్ల, పుట్టింది పెరిగింది కువైట్‌లోనే. వచ్చిన మొదటి రోజే అందరికీ మజ్జిగ పాకెట్లు తెచ్చింది, గేటు దగ్గర కాపలా మనిషితో సహా. పనివాళ్ళను పేరు పెట్టి పిలవదు, బాబాయ్ అంటుంది.

ఆదం తల్లి సంగతి తెలిసి, ఆ పిల్ల తన వాళ్ళను ఒప్పించింది. సామానుతో పాటు ఒక్క పెట్టె కల్తూమా పేరున పోతుంది. అక్కడ దింపుకునే వాళ్ళలో ఆదం పెదనాన్న కొడుకు ఉన్నాడు, అతను చేరవేస్తాడు. ఆదం ఆ సాయంత్రం బజారుకు పోయి తల్లి కట్టుకునే పొడవాటి పల్చటి వస్త్రం, టీ ఆకు, చక్కెర, మోకాళ్ళకు రాసే మందు కొన్నాడు. పరశురాం ఊరి నుంచి తెప్పించుకున్న నొప్పుల నూనె సీసా ఒకటి తెచ్చి పెట్టెలో పెట్టాడు.

పెట్టె కట్టడం అయ్యింది. ఆదం ఒక అట్టముక్క మీద అరబీలో తల్లి పేరు రాసి ఇచ్చాడు. పరశురాం దాన్ని పక్కన పెట్టుకుని, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, కుడి నుంచి ఎడమకు దించాడు. అంత అందంగా వచ్చిన తల్లి పేరును ఆదం వేలితో తడిమాడు. పేరు చాలు, మావాడు గుర్తుపడతాడు అన్నాడు.

"పేరొక్కటి చాలదు తమ్మీ," అన్నాడు పరశురాం. "కల్తూమాలు ఊరికి ఎందరుంటరో. ఆనవాలు రాయాలె. ఎక్కడ ఉంటది, ఏం పక్కన, అంత రాయి. పెట్టె దారి తప్పదు."

ఆదం రాసి ఇచ్చాడు. ఫలానా వాడి కూతురు, ఫలానా పట్నం, మసీదు వెనక బడి, చివరి గది. పరశురాం ఆరు వైపులా దించాడు.

దేవిక అదంతా చూస్తూ నిలబడింది. వీడియో తీసుకోనా అని ఇద్దరినీ అడిగింది. ముఖాలు చూపించకూడదు, మనుషులకు ఇబ్బంది అవుతుంది అని తనే చెప్పి, చేతులు మాత్రం తీసింది. నల్లటి చేతులు తాడు పట్టుకుంటే చామనచాయ చేతులు ముడి వేయడం, ముడిని కళ్ళకు అద్దుకోవడానికి లేచిన వేళ్ళు, మార్కర్ కింద ఒక్కొక్క అక్షరం. ముఖాల మీద అందరికీ జాగ్రత్తే. అక్షరాల మీద ఎవరి ధ్యాసా పోలేదు, ఆదం ధ్యాస కూడా.

దేవిక నెట్‌లో పెట్టిన ఆ వీడియో ఎన్ని దేశాలు తిరిగిందో. ఫర్వానియా గదిలో వాళ్ళు పరశురాంను ఆటపట్టించారు. వంటింట్లో గిన్నె తోముతుంటే గదిలో ఉండే వెంకటి వచ్చి, "అన్నా, ఆ చేతులకు సబ్బు తగలనీయకు. దునియా మొత్తం మొక్కుతున్నది," అన్నాడు. పరశురాం సిగ్గుపడ్డాడు గాని లోపల సంతోషమే. గోడల మీద అంత రాసిన రోజుల్లో ఎవరూ ఆగి చూడలేదు.

వీడియో కింద జనం రాసిన మాటలు దేవిక చదివి వినిపించేది. ఏడ్చిన వాళ్ళు కొందరు. మిగతా వాళ్ళలో చాలామంది, పెద్ద దేశాలు సైన్యాన్ని ఎందుకు పంపవు, ఎవరో ఒకరు దిగి దీన్ని ఆపాలి అని. ఏ దేశం దిగాలో దాని మీద వాళ్ళలో వాళ్ళకే పోట్లాట. అవన్నీ విని ఆదం టీ గ్లాసు కింద పెట్టాడు.

"బయటి వాళ్ళు ఎప్పుడో వచ్చే ఉన్నారు అన్నా," అన్నాడు పరశురాంతో. "తుపాకులు మా ఊళ్ళో తయారుకావు. అవీ పెట్టెల్లోనే వచ్చినయి. వాటి మీద ఎవరి పేరూ లేదు."

అది విన్నప్పుడు పరశురాంకు ఏదో గుచ్చుకుంది. ఏమిటో తెలియలేదు. లారీ వచ్చిందని ఫోర్‌మన్ కేకేస్తే లేచిపోయాడు.

సామాను మాత్రం కదల్లేదు. ఆ దేశంలోకి పోనివ్వడానికి అనుమతి రాలేదు. ఈ పక్షం ఒప్పుకుంటే ఆ పక్షం ఒప్పుకోదు. దుప్పట్ల గుట్టల మధ్య కల్తూమా పెట్టె అలాగే ఉంది. పొద్దున లోపలికి రాగానే ఆదం దాని మీద దుమ్ము దులిపేవాడు.

ఒక మధ్యాహ్నం అరలో ఫోను మోగింది. ఆదం పరుగెత్తాడు. అవతల తల్లి కాదు, పెదనాన్న కొడుకు. పరశురాం చెక్కపలక మీద కూర్చుని అన్నం డబ్బా విప్పుతున్నాడు. ఆదం వింటూ నిలబడ్డాడు, చివరికి ఫోను మళ్ళీ అదే అరలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి చెప్పాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. ఆ పట్నాన్ని పట్టుకున్న తుపాకుల వాళ్ళ ఫోన్లలోకీ దేవిక తీసిన వీడియో చేరింది. బయటి సైన్యం రావాలని దాని కింద అంతమంది రాసింది చూసి, బయటి దేశం నుంచి పెట్టె అందుకునే ముసలిది ఎవరు, ఎవరికి కబుర్లు పంపుతోంది అని వెతుకుతూ పోయారు. వెతకడానికి కష్టపడలేదు. మసీదు వెనక బడి, చివరి గది. కల్తూమాను, ఆ గదిలో ఉన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను బండి ఎక్కించుకుని పోయారు. ఎక్కడికో తెలియదు.

పరశురాం నోట్లో ముద్ద అలాగే ఉంది. నమిలి మింగాడు. ఇంకేం చేయాలో తోచక ఇంకో ముద్ద కలిపాడు. ఆదం రొట్టె తుంచి అతని కూరలో అద్దుకున్నాడు, రోజూ లాగానే. ఇద్దరూ తిన్నారు. నీళ్ళు తాగారు. ఫోర్‌మన్ యల్లా యల్లా అంటే లేచి చెరో వైపు పట్టుకుని పెట్టెలు ఎత్తారు. బరువు చేతులకు తెలియలేదు.

మరునాడు దేవిక వచ్చింది. ముఖం వాచిపోయి ఉంది. గుట్ట పక్కన నేల మీద కూర్చుంది.

"వీడియో తీసేశాను బాబాయ్. నా దాంట్లో తీసేశాను. కానీ ఎంతమంది దింపుకున్నారో, వాళ్ళవన్నీ నేనెలా తీసేది? నేనే చేశాను ఇదంతా."

పరశురాం ఆమె పక్కన నీళ్ళ సీసా పెట్టాడు. "అక్షరాలు నావి గద బిడ్డా," అన్నాడు. "వాడు పేరు చాలన్నడు. నేనే వినలేదు."

ఆదం దూరం నుంచి చూసి వచ్చాడు. ఏడుస్తున్న పిల్లను బింతీ అని పిలిచాడు, బిడ్డా అని వాళ్ళ మాట. ఎండలో వచ్చావు, ముందు నీళ్ళు తాగు అన్నాడు. ఆమె తాగేదాకా అక్కడే నిలబడి, ఖాళీ సీసా తీసుకుని పోయాడు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో పరశురాంకు సరిగ్గా గుర్తులేదు. బస్సు ఎక్కాడు, దిగాడు. దీపం వెలిగించి అంజన్న పటం ముందు నిలబడితే కల్తూమా పేరు గుర్తొచ్చి దండకం మధ్యలో ఆగిపోయేది. తప్పు కాయమని అడగడానికి కూడా నోరు రాలేదు. ఆమెను కాపాడమని మాత్రం అడిగాడు. అది కూడా, ఎదుటి మనిషికి వినిపిస్తుందో లేదో అన్నంత నెమ్మదిగా.

ఎండలు ముదిరాక అనుమతి వచ్చింది. సామాను పోవచ్చు, కానీ ఏ పెట్టె మీదా మనిషి పేరు ఉండకూడదు. ఫోర్‌మన్ కల్తూమా పెట్టె చూపించి, దీన్ని మార్చండి అని చెప్పి, అక్కడ ఉండలేక వెళ్ళిపోయాడు. ఆదం కత్తి తెచ్చాడు. పరశురాం వద్దన్నాడు. నేల మీద కూర్చుని, తను వేసిన ముడిని తన గోళ్ళతో విప్పడం మొదలుపెట్టాడు. అది అంత సులువుగా రాలేదు. వేలి చివర రక్తం వచ్చింది. ఆదం ఎదురుగా కూర్చుని తాడు రెండో కొస పట్టుకున్నాడు.

పెట్టెలోంచి ఆదం ఒక్కొక్కటి తీశాడు. టీ ఆకు ఒక పేరులేని పెట్టెలో, చక్కెర ఇంకోదాంట్లో, మోకాళ్ళ మందు వేరేదాంట్లో పెట్టాడు. ఎవరికో ఒక అమ్మకు అందుతుంది అన్నాడు. నూనె సీసా దగ్గర ఆగి పరశురాం వైపు చూస్తే, పరశురాం తల ఊపాడు. అదీ పోయింది. వస్త్రం ఒక్కటి మిగిలింది. దాన్ని చేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి దాన్నీ మడతపెట్టి దుప్పట్ల మీద పెట్టాడు. ఖాళీ పెట్టెను పరశురాం విప్పదీసి, రాత లోపలికి వచ్చేలా మడిచి, దారంతో కట్టి మూలన నిలబెట్టాడు. పారేయలేదు.

లారీ పోయాక గోదాంలో ఆ మూల ఖాళీగా కనిపించింది. ఆదం ఫోను ఇప్పటికీ కిటికీ పక్క అరలోనే ఉంటుంది. మోగితే ఇద్దరూ పని ఆపుతారు. ఇప్పటిదాకా ఒక్కటీ తల్లి ఫోను కాలేదు.

మొన్న శుక్రవారం వెంకటి ఊరికి పోతూ పెట్టె తెచ్చుకున్నాడు. పరశురాం ఎప్పటిలాగే సర్దాడు, తాడు బిగించాడు, ముడిని తాకి కళ్ళకు అద్దుకున్నాడు. దేవుడి పేరు పైకి అనలేదు. మార్కర్ తీసి వెంకటి చేతికిచ్చాడు.

"నువ్వే రాస్కో తమ్మీ."

"నా రాత నాకే తెల్వదన్నా. కోడి గీకినట్టుంటది," అని వెంకటి నవ్వాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదని చూసి ఊరుకున్నాడు. ఆనవాలు ఏం రాయాలె అని అడిగాడు.

"నీ ఇష్టం," అన్నాడు పరశురాం.

వెంకటి వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, వంకరటింకరగా తన పేరు రాసుకోసాగాడు. అక్షరం పడేటప్పుడు పెట్టె జరగకుండా పరశురాం రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.